బంగారానికి అతికే తీగ, ఒంటికి పడని ఉప్పు

ముందుగా నా వయసు సంగతి

నా వయసు ముప్పై రెండు. నేను రిటైరయ్యాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన చెప్తే గోదావరిఖనిలో ఎవరైనా మొదట అడిగేది ఒక్కటే: "సస్పెండా బిడ్డా?"

పొద్దున్నే గ్రౌండులో నడిచే రిటైర్డ్ కార్మికుల గుంపులో ఇప్పుడు నేనూ ఉన్నాను. నల్లజుట్టు నాదొక్కడిదే. అందరికంటే వెనక నడిచేదీ నేనే. నా ముందు పోయేవాళ్లంతా ఉద్యోగకాలమంతా భూమి కింద బొగ్గు దుమ్ము మింగినవాళ్లు. మలుపు దగ్గర ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని నాకోసం చూస్తుంటారు. "జల్ది రా పిలగా, చాయ్ చల్లారుతది" అని కేకేస్తారు.

ముందుగానే ఉద్యోగం వదులుకున్నవాళ్లకు ఒకప్పుడు గనుల్లో డబ్బిచ్చి పంపేవారు. దాన్ని గోల్డెన్ షేక్‌హ్యాండ్ అనేవారు. మొదటిరోజు కొమురయ్య కాక అదే అడిగాడు.

"ఏంది బిడ్డా, గోల్డెన్ షేక్‌హ్యాండ్ తీస్కున్నవా?"

"లేదు కాకా. ప్లాటినం."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వయిపోయాక ఆయన మామూలుగా ఊపిరి తీసుకున్నాడు. నేను జేబులోంచి ఇన్‌హేలర్ తీసి పీల్చుకున్నాను. కాక నవ్వు అక్కడే ఆగిపోయింది. నా దగ్గర జోకులు వినేవాళ్లకు ఈ ఇబ్బంది ఉంటుంది.

కెమిస్ట్రీ చదివి ల్యాబుల్లో చేరబోయే మా వైపు పిల్లలు కొందరు వచ్చి, "ఆ పని ఎట్లుంటదన్నా?" అని అడుగుతున్నారు. ఇది వాళ్ల కోసం. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనే సంగతులు వదిలేస్తున్నాను. వచ్చిన శాలువా ఒక్కటే. దాన్ని అమ్మ ఫ్రిజ్ మీద కప్పింది.

పని ఏమిటంటే

హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థ. అందులో మా పని తీగలు అతికించడం. ఈ మాట విన్న మా నాయిన ఓదెలు నన్ను చాలాకాలం ఎలక్ట్రీషియన్ అనుకున్నాడు. ఇంట్లో ఫ్యాను ఆగినప్పుడల్లా నాకు ఫోన్ చేసేవాడు.

మా తీగలు కంటికి కనపడవు. ఒక్కో తీగ ఒక్కో అణువు. నడుమ ఒక ప్లాటినం పరమాణువు, దానికి అటూ ఇటూ బిగుసుకున్న కార్బన్ గొలుసు, కొసన గంధకం. గంధకానికి బంగారమంటే ప్రాణం. బంగారు పూత పూసిన గాజుపలకను ఈ తీగలు కరిగించిన ద్రావణంలో ముంచి పెడితే, గంధకం కొస పోయి బంగారాన్ని పట్టుకుంటుంది. తీగలన్నీ నారుమడిలో మొలకల్లా లేచి నిలబడతాయి. అప్పుడు పైనుంచి ఇంకో లోహపు మొన తెచ్చి తాకిస్తే, ఆ ఒక్క అణువు గుండా కరెంటు పోవాలి. రేపటి కంప్యూటర్లన్నీ వీటితోనే అని నిధుల కోసం పెట్టుకునే అర్జీల్లో రాసేవాళ్లం. ఆ రేపు ఏ వారం వస్తుందో మాత్రం రాసేవాళ్లం కాదు.

నాయినకు చివరికి ఆయన పని భాషలోనే చెప్పాను. ఆయన గనిలో పైకప్పుకు బోల్టులు వేసేవాడు. బండకు రంధ్రం చేసి, సిమెంటు గుళికలు కూరి, ఇనుపకడ్డీ దిగ్గొట్టి, పైకప్పు కూలకుండా పట్టి ఉంచే పని.

"అదే పని నాయినా, తలకిందులుగ. నీ బోల్టు పైనుంచి వేలాడుతది. నాది కిందినుంచి లేస్తది."

"నీది ఊడితే ఎవరి మీద పడుతది?"

"ఎవరి మీద పడది."

"మరి గంత చదువెందుకు దానికి?"



ఈ పనిలో అతికించడం కష్టం కాదు. అతికిందని తెలుసుకోవడం కష్టం. తీగ బంగారాన్ని పట్టుకుని నిలబడి ఉండొచ్చు, లేదా ఊరికే దాని మీద పడుకుని ఉండొచ్చు. మొదటి కొలతలో రెండూ ఒకేలా కనపడతాయి. గట్టిగా కడిగితే పడుకున్నది పోతుంది, పట్టుకున్నది ఉంటుంది. కడగడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాదు. మంచి కొలత వచ్చిన పలకను కడగమంటే, పెళ్లికొడుకు మొహం రుద్ది రంగు చూడమన్నట్టు ఉంటుంది.

నేను చేరిన మొదటి ఏడాది మాకు అద్భుతమైన కొలతలు వచ్చాయి. లడ్డూలు పంచుకున్నాం. మా ప్రొఫెసర్ సార్ ఒక్కరే తినలేదు.

"ఖాళీ పలక పెట్టి చూశారా?" అని అడిగారు.

ఖాళీ పలక అంటే, తీగలు లేని ద్రావణంలో ముంచిన బంగారు పలక. సీసా అదే, ద్రావకం అదే, చెయ్యి అదే. తీగలు మాత్రం ఉండవు. పెట్టి చూశాం. దానికీ అద్భుతమైన కొలతే వచ్చింది.

సంగతేమిటంటే, సీసాకు మేం పెట్టిన రబ్బరు బిరడాలో గంధకం ఉంటుంది. అది ద్రావకంలోకి దిగి, మా తీగల కంటే ముందే పోయి బంగారం మీద కూర్చుంది. ఏడాదిపాటు మేం బిరడా మీద పరిశోధన చేశామన్నమాట. ఒకతను చేతిలోని లడ్డూను తీసి మళ్లీ డబ్బాలో పెట్టాడు. అప్పటికే సగం కొరికిన లడ్డూ అది.

సార్ కోప్పడలేదు. "మీకు నచ్చింది కాబట్టి నమ్మారు. నచ్చినప్పుడే ఖాళీ పలక పెట్టాలి" అన్నారు. నా చదువంతటిలో నేను నేర్చుకున్న ఒకే ఒక్క మాట అది. ఆయన మంచి గురువు. ఇది ఇక్కడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పడానికి నా మనసు ఒప్పుకోకపోవచ్చు.

బొగ్గు దగ్గు

తీగ తయారు చేయాలంటే ముందు ప్లాటినం ఉప్పు కావాలి. ఎర్రటి పొడి. చూస్తే కుంకుమే అనిపిస్తుంది. దాన్ని తూకం గదిలో చిన్న త్రాసు మీద చిటికెలతో తూచి, కరిగించి, అక్కడినుంచి వంట మొదలుపెట్టాలి. తూకం నా డ్యూటీ. చేతికి గ్లవ్స్, ముక్కుకు మామూలు గుడ్డ మాస్కు. గాలి కదిలితే త్రాసు ముల్లు కదులుతుందని ఆ గదికి కిటికీ పెట్టలేదు, ఫ్యాను వేయనిచ్చేవారు కాదు. త్రాసు ఆరోగ్యానికి అక్కడ అన్ని ఏర్పాట్లూ ఉండేవి.

కొన్నాళ్లకు ముక్కు కారడం మొదలైంది. తర్వాత కళ్ల దురద. తర్వాత దగ్గు. చివరికి ఛాతీలో ఈల. మెట్లెక్కితే నాలో ఎవరో ప్రెషర్ కుక్కర్ పెట్టినట్టు ఉండేది.

సార్ వింటూనే తేల్చేశారు. "మీది కోల్ బెల్ట్ కదయ్యా. పుట్టినప్పటినుంచి పీల్చిన దుమ్ము ఎక్కడికి పోతుంది?"

నేనూ నమ్మాను. ఆయన పాండిత్యాన్ని చూసి నమ్మలేదు, నేను పుట్టిన వాడ అట్లాంటిది. మా కాలనీలో దగ్గును రోగం అనరు, అది మనిషి ఆనవాలు. ఫస్ట్ షిఫ్టుకు పోయేవాళ్లు ఎవరెవరో తలుపు తీయకుండానే దగ్గును బట్టి చెప్పొచ్చు. నాయినది రెండు పొడుగు, ఒక పొట్టి. దగ్గు వచ్చిందని దవాఖానకు పోతే, తుమ్మొచ్చిందని పోలీస్ స్టేషన్‌కు పోయినట్టు చూస్తారు.

వీలైన శనివారాలు రైలెక్కి ఇంటికి వచ్చేవాణ్ని. సగం దారి దాకా దగ్గు. పెద్దపల్లి దాటేసరికి తగ్గేది. రామగుండం స్టేషన్‌లో దిగితే ఒక పక్క పొగగొట్టాలు, ఇంకో పక్క ఓపెన్‌కాస్ట్ గని దుమ్ము. నడుమ నేను హాయిగా ఊపిరి పీలుస్తూ ఆటో మాట్లాడుకునేవాణ్ని. "ఇంటి తిండి పడ్డది" అని అమ్మ మురిసిపోయేది. సోమవారం సాయంత్రానికి మళ్లీ ఈల.

"ఇంటికి పోయి దుమ్ము నింపుకొచ్చావన్నమాట" అనేవారు సార్.

అవునన్నట్టు తలూపేవాణ్ని. దుమ్మున్న చోట బాగుండి, దుమ్ము లేని చోట ఈల వస్తుంటే, తప్పు దుమ్ముదే అని డాక్టరేట్లున్న ఇద్దరం కూర్చుని ఒప్పందానికి వచ్చాం. ఇప్పుడు తలుచుకుంటే దిమ్మ తిరుగుతుంది. అప్పుడు మాత్రం చాయ్ తాగి పనిలోకి పోయాం.

ఆదివారం ఎట్లుంటది?

ఒక శనివారం నాయినను డాక్టరుకు చూపించాలని రైలును రామగుండంలో వదలకుండా, గోదావరి దాటి నేరుగా మంచిర్యాలలో దిగాను. నాయిన అప్పటికే బస్సులో వచ్చి దవాఖాన ముందు నిలబడి ఉన్నాడు. ఊపిరితిత్తుల డాక్టరమ్మ రోజంతా గని కార్మికుల్నే చూస్తుంది. దగ్గు వింటే ఏ రకం పనో చెప్పేస్తుందని పేరు. ఆ వారం రోజూ ఉప్పు తూచి వచ్చాను కాబట్టి, పెద్దపల్లి దాటినా నా ఈల ఆగలేదు.

"ఈ ఈల ఎవరిది? ఓదెలుగారూ, మీదేనా?"

"నాదే మేడం. మాది గోదావరిఖని. బొగ్గు" అన్నాను.

"గనిలో దిగుతావా?"

"లేదు. హైదరాబాద్‌ల ల్యాబు."

"మరి బొగ్గు రైలెక్కి నీ దగ్గరికి వస్తుందా?"

నాయిన కల్పించుకున్నాడు. "మేమందరం దగ్గుతం మేడం. మా ఖాన్‌దానే గంత."

"మీ ఖాన్‌దాన్ సంగతి తర్వాత చూద్దాం. ఏమయ్యా, ఆదివారం ఎట్లుంటది?"

"ఆదివారమా?"

"సెలవు రోజుల్లో. దగ్గు తగ్గుతదా, ఎక్కువైతదా?"

వేళ్ల మీద వారాలు లెక్కపెట్టాను. ప్రతి ఆదివారం తగ్గింది. మనిషి అతనే, ఊపిరితిత్తులు అవే, తూకం గది ఒక్కటే లేదు. ఆదివారమే నా ఖాళీ పలక. అది వారం వారం వచ్చి నా ముందు కూర్చుని పోతోంది. ఖాళీ పలక పెట్టమని నాకు నేర్పినాయన కూడా చూడలేదు, నేర్చుకున్న నేనూ చూడలేదు.

డాక్టరమ్మ నాకొక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది. గట్టిగా ఊదితే ముల్లు జరుగుతుంది. కొన్ని వారాలు పూటపూటకూ ఊది చెప్పమంది. ఇంట్లో ఉన్న రోజుల్లో ముల్లు పైకి పోయేది. ఉప్పు తూచిన రోజు సాయంత్రం సగానికి పడిపోయేది. ఆమె పెద్ద పుస్తకాలు తిరగేసి ఫోన్ చేసింది. ప్లాటినం ఉప్పుకు ఒళ్లు ఒకసారి ఎదురు తిరిగితే మళ్లీ రాజీపడదట. ఆ తర్వాత కంటికి కనపడనంత తగిలినా చాలట.

"ఆ గదికే కాదు, ఆ అంతస్తుకే పోవద్దు" అంది.

"ఎప్పటిదాకా మేడం?"

"ఎప్పటికీ."

నేను మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆ మాట విన్నాను. స్పీకర్‌లో నాయిన కూడా విన్నాడు. ఆయనకు జీవితంలో ఉన్నది ఒక్కటే పట్టుదల, కొడుకు భూమి పైన పని చెయ్యాలె అని.

"పైన పెట్టిన బిడ్డా నిన్ను" అన్నాడు. మళ్లీ, "పైననే పెట్టిన" అన్నాడు.

"మన ఇంట్ల ఊపిరితిత్తులకు ప్రమోషన్ వచ్చింది నాయినా. నీకు బొగ్గు, నాకు ప్లాటినం."

ఆయన నవ్వలేదు. నా జోకులకు ఆయన నవ్వకపోవడం కొత్త కాదు. అర్థమయ్యాక కూడా నవ్వకపోవడం అదే మొదటిసారి.

నా ఉద్యోగం ఎవరికి పోయింది

మా బెల్టులో ఒక పద్ధతి ఉంది. కార్మికుడు జబ్బుపడి మెడికల్ అన్‌ఫిట్ అయితే, అతని ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. డిపెండెంట్ ఉద్యోగం అంటారు. అన్‌ఫిట్ అని తేలిన రోజు ఆ ఇంట్లో ఏడుపూ, మిఠాయీ ఒకే పూట నడుస్తాయి. బయటివాళ్లకు ఇది వింత. మాకు మామూలు.

నేను ఉద్యోగం వదిలేశాక నా స్థానంలో సార్ గ్రేస్‌ను పెట్టారు. గ్రేస్ నాకు జూనియర్, కాసిపేట అమ్మాయి. తాత గనిలో పనిచేశాడు, తండ్రి యేసుదాసుగారు గని ఆఫీసులో క్లర్కు. ఆమె పీహెచ్‌డీకి ఒక్కటే మిగిలింది. ప్లాటినం తీగ బంగారాన్ని పట్టుకుందనీ, కడిగినా పోలేదనీ చూపించాలి. దానికి తాజా తీగలు కావాలి, తీగలకు ఎర్ర ఉప్పు కావాలి. అట్లా నా బెంచీ, నా హోదా, నా త్రాసు అన్నీ ఆమెకు వచ్చాయి.

యేసుదాసుగారు నన్ను ప్రత్యేకంగా ఫోన్ చేసి ఆదివారం భోజనానికి పిలిచారు. చర్చి నుంచి రాగానే ఇల్లంతా చుట్టాలు. కోడికూర, బగారన్నం. తినబోయే ముందు ఆయన లేచి ప్రార్థన చేశారు. తమ బిడ్డకు ఈ ఉద్యోగం ఇచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పి, "దానికోసం రాజును అన్‌ఫిట్ చేసినందుకు కూడ స్తోత్రం ప్రభువా" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. వరసలో కూర్చున్నాను కాబట్టి నేనూ ఆమెన్ అన్నాను. నా జబ్బుకు అంత ఘనంగా కృతజ్ఞత చెప్పినవాళ్లు మరెవరూ లేరు.

"తప్పుగ అనుకోకు రాజూ. ఎట్లయినా మన బెల్టోళ్లకే దక్కింది కదా" అన్నారాయన, నా విస్తట్లో లెగ్‌పీసు వేస్తూ.

అప్పుడే గ్రేస్ కూర గిన్నె పట్టుకుని వచ్చింది. మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"ఏంది గ్రేసూ, ముక్కు?"

"జలుబన్నా."

"మే నెలలనా?"

"ఏసీ అన్నా, హైదరాబాద్‌ల."

నా ముద్ద చేతిలోనే ఆగిపోయింది. డాక్టరమ్మ నాకు చెప్పిన వరస గుర్తుంది. ముందు ముక్కు, తర్వాత ఛాతీ. ముక్కు దగ్గర ఆగిపోతే మనిషి బయటపడొచ్చు. ఛాతీకి దిగితే నా పక్కన గ్రౌండులో నడవాల్సిందే.

చెయ్యి కడుక్కునే వంకతో ఆమెను నల్లా దగ్గరికి పిలిచాను.

"నిజం చెప్పు. సెలవు రోజుల్ల తగ్గుతున్నదా?"

"ఇయ్యాల తక్కువే. మొన్న శుక్రవారం చూడాల్సింది నువ్వు."

"గ్రేసూ, ఉప్పు తూచుడు ఆపెయ్."

"ఆపి?"

"ఆపి ఇంకేదన్న..."

"ఇంకేదన్న అంటే ఏందన్నా? ఐదేండ్ల చదువు గోదాట్ల కలుపాల్నా? ఇంక కొన్ని తీగలు, గంతే. నీకు పడలేదని అందరికి పడదా?" గొంతు తగ్గించింది. "నువ్వు రిటైరైనవు. పనిలేక అందరి ముక్కులు చూస్కుంట తిరుగుతున్నవు."

నాకు జోకు దొరకలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. లోపల ఎవరో ఆమెకు కేకు తినిపిస్తామని పిలిచారు. వెళ్లిపోయింది.

బస్టాపు నుంచే సార్‌కు ఫోన్ చేశాను. ఎర్ర ఉప్పును మనమే తూచాల్సిన అవసరం లేదు. దాని తర్వాతి మెట్టు సరుకు తయారుగా దొరుకుతుంది. అందులో ప్లాటినం వేరే రూపంలో కట్టుబడి ఉంటుంది కాబట్టి ఒంటికి ఇంత ప్రమాదం లేదు. అది తెప్పించండి అన్నాను.

"అది వచ్చేసరికి నెలలు పడుతుంది. రివ్యూ కమిటీ వచ్చేనెలే. ఒక్క బ్యాచ్ కోసం ఇంత గోల ఎందుకయ్యా? మీ కోల్ బెల్ట్ వాళ్లకు మొదటినుంచీ ఊపిరితిత్తులు..."

"ఖాళీ పలక పెట్టి చూశారా సార్?"

"ఏమన్నావు?"

"ఆమెను ఒక్క నెల ఆపి చూడండి. తగ్గితే ఉప్పే."

ఫోన్ కట్టయింది.

ముందు ఎవరు దిగాలి

తర్వాత జరిగినప్పుడు నేను అక్కడ లేను, ఆ అంతస్తుకు పోలేను కాబట్టి. గ్రేస్ చెప్పింది, తర్వాత ల్యాబులో మిగతావాళ్లూ చెప్పారు. అందరూ ఒకేలా చెప్పారు. మా ల్యాబులో ఒకే ఫలితం అన్నిసార్లు రావడం నేనెప్పుడూ చూడలేదు.

నేను ఫోన్ చేసిన మర్నాడు సార్ తూకం గది ముందు వరండాలోకి వచ్చి, "బ్యాచ్ మొదలుపెట్టావా?" అని అడిగారు. గ్రేస్ గ్లవ్స్ చేతిలో పట్టుకుని తలుపు బయటే నిలబడి ఉంది. నల్లా దగ్గర నన్ను కసిరినా, సెలవు రోజుల్లో తగ్గుతున్నదా అన్న మాట ఆమెను రాత్రంతా వదల్లేదట. సార్‌తో ఆమె ఎప్పుడూ పుస్తకం భాషే మాట్లాడేది. ఆ రోజు కాసిపేట భాష వచ్చింది.

"సార్, మా గనులల్ల షిఫ్టోళ్లు లోపలికి పోకముందే సర్దార్ ఒక్కడు ముందు పోతడు. గ్యాసున్నదా, పైకప్పు మంచిగున్నదా చూసి వస్తడు. ఆయన సరే అన్నంకనే మిగతోళ్లు దిగుతరు. మీరు ముందు కూసోండ్రి సార్. ఒక్కసారి మీరు తూచుండ్రి. మీ తర్వాత నేను కూసుంట."

సార్ నవ్వారు. "ఇది గని కాదమ్మా."

"కాదు సార్. గని అయితే అడగకముందే పోదురు."

చుట్టూ అందరూ పని ఆపారు. సార్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. తలుపు పిడి మీద చెయ్యి వేశారు. తీసేశారు.

"నేను కూర్చోలేను" అన్నారు.

"ఎందుకు సార్?"

"నాకు పడదు."

అంతే అన్నారు. ఫ్రిజ్ మోటారు ఆగి మళ్లీ మొదలైన చప్పుడు వినపడిందని ఒకతను నాకు చెప్పాడు. అతనికి గుర్తున్నది అదొక్కటే.

తర్వాత సారే స్టూలు లాక్కుని కూర్చుని చెప్పారట. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయనా ఇదే ఉప్పు తూచేవారు. కళ్లు వాచేవి, ఛాతీలో ఈల వచ్చేది. పుప్పొడి పడలేదని వాళ్ల గురువు తేల్చారు. ఈయన నమ్మారు. ప్రొఫెసర్ అయిన రోజునుంచి ఆయన తూకం గది గడప తొక్కలేదు. తలుపు బయట నిలబడే అన్నీ అడిగేవారు. మేం దాన్ని పెద్దరికం అనుకున్నాం. తనది బలహీనమైన ఒళ్లు అని ఆయన అనుకున్నారు. మనిషి మనిషికీ వేరే కారణం దొరికింది. ఆయనకు పుప్పొడి, నాకు బొగ్గు, గ్రేస్‌కు ఏసీ. అందరిలోనూ ఒకటే ఉన్న ఉప్పు పేరు ఎవరూ ఎత్తలేదు.

గ్రేస్ ఫోన్‌లో ఇదంతా చెప్తుంటే నేను మంచం మీద ఉన్నవాణ్ని లేచి నిలబడ్డాను. ఆయన తెలిసి చేసిన దుర్మార్గుడైతే నాకు తేలికగా ఉండేది, తిట్టి పడుకునేవాణ్ని. ఆయనకు తెలుసు, తెలియదు కూడా. కాళ్లకు తెలిసింది, అవి లోపలికి పోలేదు. తలకు చేరలేదు, ఎందుకంటే చేరితే తీగలు ఆగిపోతాయి. ఉప్పు ఖరీదైనది, దానికి అల్మారా, తాళం ఉండేవి. ఊపిరితిత్తులను విద్యార్థులు ఇంటినుంచి తెచ్చుకునేవారు, వాటికి ఏమీ ఉండేవి కావు. క్షమించావా అని నన్ను అడగకండి. ఆయన్ను చూసి జాలిపడ్డాను, అది వేరే.

"తర్వాత నువ్వేం చేసినవ్?" అని గ్రేస్‌ను అడిగాను.

"గదికి తాళమేసి చెవి సార్ చేతుల పెట్టినన్నా."

"సార్ చేతిలనా? నీ దగ్గరుంచుకోవాలె గద?"

"ఆయన దగ్గరైతేనే భద్రం. ఆయనకు ఎట్లాగూ పడది."

చేరబోయేవాళ్లకు

రివ్యూ కమిటీ వచ్చింది. చూపించడానికి ఏమీ లేదు. బిస్కట్లు తిని వెళ్లిపోయింది. ఆకాశం ఊడి పడుతుందని అందరం అనుకున్నాం. ఒక ఉత్తరం మాత్రం వచ్చింది, మర్యాదగానే ఉంది.

తయారు సరుకు రావడానికి సార్ చెప్పినట్టే నెలలు పట్టింది. ఆ నెలల్లో గ్రేస్ మంచిర్యాల పోయి గొట్టం ఊదింది. ఛాతీకి దిగలేదని డాక్టరమ్మ చెప్పిన రోజు, యేసుదాసుగారు మా నాయినకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. నాయిన కూడా మాట్లాడలేదట. రెండు పక్కలా దగ్గు వినపడింది కాబట్టి లైను కట్టవలేదని ఇద్దరికీ తెలిసింది.

పిల్లలూ, నేను చెప్పగలిగింది తక్కువ. బంగారం ఎట్లా కడగాలో, ఏ బిరడా వాడకూడదో మీకు అక్కడ నేర్పుతారు, బాగానే నేర్పుతారు. చేరిన మొదటి వారంలో మీరు ఒక్క పని చెయ్యండి. పెద్దవాళ్లు ఏ గదిలో కూర్చుంటారో అందరూ చూస్తారు. వాళ్లు ఏ గదిలోకి అడుగు పెట్టరో చూడండి. ఎందుకని అడగండి. అడగడానికి సిగ్గయితే, మీరు ముందు దిగండి సార్ అనండి. ముక్కు కారితే ముక్కు కారుతుందనే చెప్పండి, దానికి ఊరి పేరు, ఇంటి పేరు తగిలించకండి. ఎవరైనా తగిలిస్తే, ఆదివారం ఎట్లుంటదో చెప్పండి.

మొన్న పొద్దున గ్రౌండులో ఉండగా గ్రేస్ ఫోన్ చేసింది. ముందు నడుస్తున్న పెద్దమనుషులు ఆగి నావైపు చూశారు.

"అన్నా, అతికిందన్నా! కొత్త సరుకుతోని చేసిన తీగలు. కడిగిన, మళ్ల కడిగిన, ఊడలేదు!"

అన్నేళ్లు నేను వెతికింది అదే.

"మంచిది గ్రేసూ. ముక్కెట్లున్నది?"

"అన్ని నిటారుగ నిలబడ్డయన్నా, ఒక్కటి పండుకోలేదు. సార్ కూడ కడిగి చూసిండు..."

"ముక్కు, గ్రేసూ. నీ ముక్కు."

"ఆఁ, ముక్కా? మంచిగనే ఉన్నది. కారుతలేదు. నువ్వు ముందు గీ కరెంటు సంగతి విను..."

విన్నాను. అడిగి అడిగి చెప్పించుకుంటే గానీ ముక్కు మాట రాలేదు. ఆమెను ఏమంటాం, ఇంకా సర్వీసులో ఉంది కదా.